ఆయాసం లేని రోజు పీల్చాల్సిన మందు

ఆయాసం ఉన్నవాళ్ల ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే తరచూ ఇదే కనిపిస్తుంది. సాల్బుటమాల్ పంపు ఒకటి అంకెలు చెరిగిపోయి, అడుగంటి ఉంటుంది. పక్కనే రెండో పంపో, క్యాప్సూల్ వేసి పీల్చే పరికరమో కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మొదటిది పీల్చిన ఐదు నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది కాబట్టి దాని మీద నమ్మకం. రెండోది పీలిస్తే ఆ పూటకేమీ తెలియదు. నాలుగు రోజులు చూసి, ఇది పనిచేయట్లేదని పక్కన పెట్టేస్తారు. ఈ అధ్యాయమంతా ఆ రెండో మందు గురించే. అది ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు, ఎందుకు చేయదు అన్నది తెలిస్తే మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆసుపత్రి పడకలు చాలా వరకు తప్పుతాయి.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. బందరు కాలువ శివారు భూములకు నీళ్లందకపోతే గేటు దించేసి ఉండాలి, లేదా కాలువ పూడిపోయి ఉండాలి. గేటు ఎత్తడం నిమిషాల పని. పూడిక మాత్రం వేసవిలో, కాలువ కట్టేసిన రోజుల్లో, ఇంకా నీటి అవసరం రాకముందే తీయాలి. ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటే దాన్ని వదులు చేసేది సాల్బుటమాల్. గొట్టం లోపలి పొర వాచి, కళ్లె పేరుకుని దారి ఇరుకైతే ఆ వాపు తగ్గించేది రెండో మందు. వాపు అలాగే ఉండగా కండరాన్ని ఎన్నిసార్లు వదులు చేసినా మళ్లీ బిగుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు సాల్బుటమాల్ ఒక్కదాని మీదే బండి లాగించకూడదని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019లోనే తేల్చి చెప్పాయి. మన మందుల షాపుల దాకా ఆ కబురు ఇంకా పూర్తిగా చేరలేదు.

వాపు తగ్గించే మందు అనగానే చాలామందికి గుర్తొచ్చేది బ్రూఫిన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్. మోకాలికి పనిచేసేది ఊపిరితిత్తికీ పనిచేయాలి కదా అనిపిస్తుంది. చేయదు. పైగా కొందరు ఆస్తమా రోగుల్లో ఈ నొప్పి మాత్రలే ఆయాసాన్ని రేపుతాయి. వాపు రసాయనాలు తయారయ్యే రెండు దారుల్లో ఇవి ఒకదాన్ని మూసేస్తాయి. అప్పుడు ముడిసరుకంతా రెండో దారికి మళ్లి, ఊపిరి గొట్టాలను బిగించే లూకోట్రైన్లు ఎక్కువగా తయారవుతాయి. ముక్కులో కండ పెరిగి, వాసన తెలియని ఆస్తమా రోగులు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంటినొప్పి మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల్లో పిల్లికూతలు మొదలైన సందర్భం ఒక్కటున్నా డాక్టరుకు చెప్పండి.

ఊపిరితిత్తి వాపుకు అసలు మందు స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్‌ను కీళ్లవాత రోగులకిచ్చి చూశాడు. 1950లో ఆ పనికి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆస్తమా రోగులు దీన్ని మాత్రలుగా మింగారు. ఆయాసం తగ్గింది గానీ ముఖాలు ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, షుగర్ వచ్చింది. 1972లో బ్రిటన్‌లో బెక్లోమెథసోన్ పీల్చే మందుగా రావడంతో కథ మారింది. మందు కావలసిన చోటే పడుతోంది, మిగతా ఒంటికి చేరేది తగ్గింది. ఇప్పుడు మనం వాడే బుడెసోనైడ్, ఫ్లూటికాసోన్ ఆ కుటుంబానివే. 400 మైక్రోగ్రాముల బుడెసోనైడ్ అంటే మిల్లీగ్రాములో సగం కూడా కాదు. అందులోనూ గొంతు దాటి కడుపులోకి పోయిన భాగాన్ని లివరే చాలా వరకు నిర్వీర్యం చేస్తుంది.

లోపలికి వెళ్లిన స్టెరాయిడ్ కణంలో తన కోసమే ఉన్న ఒక ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఆ రెండూ జంటగా కణ కేంద్రకంలోకి వెళ్తాయి. వాపు రసాయనాలు తయారుచేయమని ఆజ్ఞలిచ్చే జన్యువులు అక్కడ విప్పి పెట్టిన దారపుచుట్టలా తెరుచుకుని ఉంటాయి. స్టెరాయిడ్ అక్కడికి హెచ్‌డాక్-2 అనే ఎంజైమును పిలిపిస్తుంది. అది చుట్టను మళ్లీ బిగిస్తుంది, జన్యువులు మూతపడతాయి, ఆజ్ఞలు ఆగిపోతాయి. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. అప్పటికే ఉన్న వాపు తీయడానికి రోజులు, పూర్తి మేలు కనిపించడానికి కొన్ని వారాలు. పీల్చిన వెంటనే ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. అందుకే ఆయాసం లేని రోజున కూడా పీల్చాలి. సాల్బుటమాల్ అంటుకునే గ్రాహకాలను పెంచి, ఆ మందు కూడా బాగా పనిచేసేలా చూడటం స్టెరాయిడ్ చేసే మరో మేలు.

ఇంత మంచి మందు అందరికీ ఒకేలా పనిచేయదు. ఊపిరితిత్తిలోని వాపులన్నీ ఒక జాతివి కావు. ఒక రకం వాపులో ఈసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ముందుంటాయి. ఎలర్జీ ఆస్తమా ఎక్కువగా ఈ రకం. వీటిని స్టెరాయిడ్ ఇట్టే అణచేస్తుంది. ఇంకో రకంలో న్యూట్రోఫిల్స్ ముందుంటాయి. పొగతో, దుమ్ముతో, పదేపదే వచ్చే ఇన్‌ఫెక్షన్లతో దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. స్టెరాయిడ్ మాటను ఇవి పెద్దగా లెక్కచేయవు.

మీది ఏ రకమో చూచాయగా చెప్పే పరీక్ష సాదాసీదా రక్తపరీక్షే. సీబీపీ రిపోర్టులో మొత్తం తెల్ల కణాల సంఖ్య, పక్కన ఈసినోఫిల్స్ శాతం ఉంటాయి. రెండింటినీ గుణించి వందతో భాగించండి. 8,000లో 4 శాతమంటే 320. దీర్ఘకాలిక పొగ జబ్బు, అంటే సీఓపీడీ ఉండి, తరచూ ముదురుతున్నవాళ్లలో ఈ లెక్క 300 దాటితే పీల్చే స్టెరాయిడ్ వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ. 100 లోపు ఉంటే మేలు తక్కువ, కీడు ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి డాక్టరు మిగతా వివరాలు చూసి తేలుస్తారు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న రోజుల్లో చేయించుకుంటే ఈ అంకె అబద్ధం చెబుతుంది. స్టెరాయిడ్ ఈసినోఫిల్స్‌ను రక్తంలోంచి తరిమేస్తుంది కాబట్టి లెక్క తక్కువగా కనిపిస్తుంది. విజయవాడ సూర్యారావుపేటలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫైలులో పాత రిపోర్టులన్నీ పెట్టుకుని వెళ్లమనేది ఇందుకే. మూడేళ్ల క్రితం నాటి సీబీపీ ఇవాళ్టి దానికంటే విలువైనది కావచ్చు.

కోస్తా వాళ్లకు ఈ ఈసినోఫిల్ కణంతో ఉన్న చుట్టరికం పాతది. మన దగ్గర వదలని దగ్గుకు “ఈస్నోఫీలియా అంటండీ” అనడం మామూలు. అందులో నిజం ఉన్న కేసులూ ఉన్నాయి. కోస్తా జిల్లాల్లో బోదకాలు చాలాకాలం పాతుకుపోయి ఉంది. కొందరిలో ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, వాటి మీద శరీరం విరుచుకుపడి ఈసినోఫిల్స్‌ను వేలల్లో తయారుచేస్తుంది. లెక్క 3,000 దాటిపోతుంది. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, బరువు తగ్గడం. చూడటానికి అచ్చం ఆస్తమా. స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. కారణం లోపలే ఉండిపోయింది కదా. దీనికి మందు డైఈథైల్ కార్బమజీన్. దాన్ని హెట్రజాన్ పేరుతో 1947లో లోకానికిచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. తన నేల మీద పాతుకుపోయిన జబ్బుకు సముద్రాల అవతల నుంచి మందు పంపిన మనిషిని మనం ఇంకా బాగా తలుచుకోవాలని నాకనిపిస్తుంది. సరైన మోతాదులో సుమారు మూడు వారాలు వాడితే చాలామందికి నయమవుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. కాబట్టి ఆస్తమా అని ఏళ్ల తరబడి పంపు వాడుతూ, ఈసినోఫిల్ లెక్క వేలల్లో ఉన్నవాళ్లు బోదకాలు పురుగు కోసం పరీక్ష చేయమని గట్టిగా అడగాలి. లెక్క 600, 700 ఉందని బెనోసైడ్ పేరుతో దొరికే ఇదే మందు మాత్రలు మీకు మీరే కొనుక్కుని మింగడం కూడా తప్పే. ఆ స్థాయికి ఎలర్జీ, ఆస్తమా, కడుపులో నులిపురుగులు, ఏదైనా కారణం కావచ్చు.

ఇక సీఓపీడీ సంగతి. దేశంలో 2016 నాటికి సుమారు 5.5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా. ఇందులో పొగాకు వాటా కంటే గాలి కాలుష్యం వాటా ఎక్కువ. మన పల్లెల్లో ఆరోగ్యం చెడిన పెద్ద వయసు ఆడవాళ్లను చూస్తే ఈ మాట అర్థమవుతుంది. చుట్ట, బీడీ ముట్టకపోయినా నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు, పిడకల పొయ్యి ముందు, ఊక పొయ్యి ముందు కూర్చుని ఊదారు. గ్యాస్ వచ్చాక కూడా వేన్నీళ్లకు పెరట్లో పొయ్యి ఆరలేదు. గుడివాడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో పనిచేసినవాళ్లకు తవుడు దుమ్ము, ఇబ్రహీంపట్నం వైపు వాళ్లకు థర్మల్ కేంద్రం బూడిద, కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో ఊరందరికీ పొగ.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పొగలోని రసాయనాలు హెచ్‌డాక్-2 ఎంజైమునే దెబ్బతీస్తాయి. జన్యువుల చుట్టను బిగించడానికి స్టెరాయిడ్ ఎవరిని పిలవాలో వాళ్లే ఉండరు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పీటర్ బార్న్స్ బృందం 2005లో, జబ్బు ముదిరే కొద్దీ సీఓపీడీ ఊపిరితిత్తుల్లో ఈ ఎంజైము పని తగ్గిపోతున్నట్టు చూపించింది. అంటే చుట్ట తాగుతూనే స్టెరాయిడ్ పీల్చేవాడు ఆ మందు పనిముట్టును తన చేతులతోనే విరగ్గొడుతున్నాడు. పొగ మానడమే ఇక్కడ మొదటి మందు. ఈ మాట పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు కసరకండి. “మావయ్యగారూ, ఆ మందు పనిచేయాలంటే పొగ ఆగాలంటండీ” అని కోడలు నెమ్మదిగా చెప్పిన మాట, కొడుకు చేసే రాద్ధాంతం కంటే ఎక్కువగా తలకెక్కుతుంది.

అందుకే సీఓపీడీలో మొదట ఇచ్చేది గొట్టాలను రోజంతా తెరిచి ఉంచే దీర్ఘకాలిక మందులు, టియోట్రోపియం లాంటివి. ఈసినోఫిల్స్ ఎక్కువున్నా, ఆస్తమా కలిసి ఉన్నా, ఏడాదిలో పలుమార్లు ముదురుతున్నా అప్పుడు స్టెరాయిడ్ చేరుస్తారు. అవసరం లేని చోట చేరిస్తే నష్టమూ ఉంది. 2007లో వెలువడిన టార్చ్ అధ్యయనంలో ఫ్లూటికాసోన్ పీల్చిన సీఓపీడీ రోగుల్లో న్యుమోనియా ఎక్కువగా కనిపించింది. స్టెరాయిడ్ కలిపిన మందు వాడుతుంటే ఏడాదికోసారైనా డాక్టరును “నాకు ఇందులో స్టెరాయిడ్ అవసరమేనాండీ” అని అడగడం మీ హక్కు. అడగకుండా మానేయడం మాత్రం వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు మానకూడదు.

మిగతా మందుల గురించి క్లుప్తంగా. డెరిఫిల్లిన్‌లో ఉండే థియోఫిలిన్ తక్కువ మోతాదులో హెచ్‌డాక్-2ను తిరిగి నిలబెడుతుందని ప్రయోగశాలలో ఆశ కలిగింది. బ్రిటన్‌లో పెద్ద ఎత్తున పరీక్షిస్తే, సీఓపీడీ ముదరడం ఏమీ తగ్గలేదని 2018లో తేలింది. ఎక్కువైతే వాంతులు, గుండె దడ. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ అయినా, తక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే న్యూట్రోఫిల్ రకం వాపును తగ్గిస్తుంది. 2011 నాటి అమెరికా అధ్యయనంలో రోజుకు 250 మిల్లీగ్రాములు ఏడాది వాడినవాళ్లలో జబ్బు ముదరడం తగ్గింది, కొందరికి వినికిడి కూడా తగ్గింది. గుండె లయ చూడకుండా, డాక్టరు చెప్పకుండా దీని జోలికి పోకండి. రోఫ్లుమిలాస్ట్ తీవ్రమైన సీఓపీడీలో కళ్లె ఎక్కువ పడేవాళ్లకు. విరేచనాలు, బరువు తగ్గడం దానితో వచ్చే బాధలు. జలుబు చీటీల్లో తరచూ కనిపించే మాంటెలుకాస్ట్ లూకోట్రైన్లను అడ్డుకుంటుంది. సీఓపీడీకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. కొందరిలో నిద్ర, మనసు చెదురుతాయని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. డుపిలుమాబ్ వంటి ఇంజక్షన్లు ఈసినోఫిల్ రకం వాపును మూలంలో కొడతాయి. సీఓపీడీకి వాడేందుకు డుపిలుమాబ్‌కు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. ధర మాత్రం మన మధ్యతరగతికి ఇంకా అందేది కాదు. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి కొర్రమీనుతో చేపమందు మింగే వాళ్లు మన జిల్లాల నుంచీ ఉంటారు. దాని పనితనం శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లినా సరే, పంపు ఇంట్లో వదిలి వెళ్లకండి.

నాకు ఎక్కువ భయం కలిగించేది స్టెరాయిడ్ మాత్రల దుర్వినియోగం. “పంపు మొదలెడితే ఇక జీవితాంతం వదలదంట వదినా” అని భయపడే ఇంట్లోనే, ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో డెక్సా ఇంజక్షన్, నాలుగు రోజులకు బెట్నెసోల్ మాత్రలు కట్టించుకుంటారు. రెండూ స్టెరాయిడే. పంపులోది మైక్రోగ్రాముల్లో, ఇవి మిల్లీగ్రాముల్లో, ఒళ్లంతటికీ. ఆకలి పెరుగుతుంది, హుషారుగా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ అడుగుతారు. నెలల తరబడి సాగితే షుగర్, శుక్లాలు, విరిగే ఎముకలు, నిద్రపోతున్న టీబీ లేవడం. ఒక్కసారిగా మానేస్తే, సొంత స్టెరాయిడ్ తయారుచేయడం మరచిపోయిన శరీరం కుప్పకూలే ప్రమాదం. మాత్రలకూ చోటుంది. సీఓపీడీ హఠాత్తుగా ముదిరినప్పుడు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ ఐదు రోజులిస్తే, పద్నాలుగు రోజులిచ్చినంత ఫలితం ఉందని స్విట్జర్లాండ్ పరిశోధన 2013లో చూపింది. ఐదు రోజులు. దాన్ని ఇంట్లో దాచుకుని మరోసారికి వాడుకోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు స్టెరాయిడ్ కంటే ముందు, టీబీ కాదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష చేయించండి.

ఇప్పుడు పీల్చే పద్ధతి. ఖరీదైన మందు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. క్యాప్సూల్ పరికరం వాడేవాళ్లు ముందు పరికరానికి దూరంగా ఊపిరి పూర్తిగా వదలాలి. పరికరంలోకి ఊదితే నోటి తడికి పొడి ముద్దకడుతుంది. తర్వాత పెదవులు బిగించి, గట్టిగా, లోతుగా ఒక్క లాగు లాగాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. తెరిచి చూడండి, క్యాప్సూల్‌లో పొడి మిగిలితే ఇంకోసారి పీల్చాలి. పంపు అయితే తీరు వేరు. గట్టిగా లాగకూడదు, నెమ్మదిగా లాగాలి. చేయి, ఊపిరి ఒకేసారి కుదరని పెద్దవాళ్లకు స్పేసర్, అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టే గొట్టం, తప్పనిసరి. దాన్ని సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే మందు గోడలకు అంటుకుంటుంది. మన డెల్టా తేమకు క్యాప్సూళ్లు వంటింట్లో, స్నానాలగది అలమరలో ఉంచితే మెత్తబడి సరిగా చిల్లు పడవు. రేకు పట్టీలోంచి పీల్చే ముందే తీయండి. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు. పళ్లు తోముకునే ముందు పీల్చే అలవాటు చేసుకుంటే పుక్కిలించడం దానంతటదే జరిగిపోతుంది, పూట మరిచిపోవడమూ తగ్గుతుంది.

వాపును రేపేవి ఇంట్లో, పనిలో ఎక్కడున్నాయో వెతకడమూ చికిత్సే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తిన సింగ్‌నగర్ ఇళ్లలాగా తడిసిన గోడలున్న చోట నల్ల బూజు గీకించి, సున్నం కొట్టించి, గాలి ఆడేలా చేయాలి. ఆటోనగర్‌లో గట్టిపడే రసాయనం కలిపి పెయింటు స్ప్రే చేసే కుర్రాళ్లకు, రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆదివారం ఊపిరి బాగుండి సోమవారం సాయంత్రానికి పట్టేస్తుంటే, అది పని తెచ్చిన ఆస్తమా కావచ్చు. ఆ ముక్క డాక్టరుకు మీరు చెబితే తప్ప తెలియదు.

మనిషి ఒక వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలం తిరుగుతున్నా, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో అంకె మామూలుగా చూపేదానికంటే బాగా పడిపోయినా, పంపు పీల్చాక కూడా తెరిపి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. బయల్దేరేటప్పుడు వాడే పంపులన్నీ, చివరిసారి స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడు, ఎన్ని రోజులు వేసుకున్నారో రాసిన కాగితం సంచిలో పెట్టండి.